మౌంట్ రోడ్డులో ఆ ‘మౌంటు’ ఏది?

కాస్త పెద్ద పోస్టు ఇది. తీరిక చేసుకుని చదవండి.

చెన్నైలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న మనకు మౌంట్ రోడ్డు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అణ్ణాసాలై అని పేరు మార్చి యాభై ఏళ్ళు దాటినా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట అది ఇప్పటికీ మౌంట్ రోడ్డే. దేవి థియేటరు, సఫైరు, ఎల్లైసీ మేడ, స్పెన్సరు... మన వాళ్ళ జ్ఞాపకాల్లో సగం ఆ రోడ్డు మీదే ఉంటాయి. మరి ఆ మౌంటు ఏదండీ అంటే చాలామంది ఒక్క క్షణం ఆగిపోతారు. కోట దగ్గర మొదలై ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో ఆ కొండే అది. సెయింట్ థామస్ మౌంట్, తమిళంలో పరంగిమలై. విమానం మీనంబాకంలో దిగేముందు కిటికీలోంచి చూస్తే నెత్తిన తెల్లటి చర్చితో ఒక చిన్న గుట్ట కనబడుతుంది చూడండి, అదే. ఎత్తు మహా అయితే 300 అడుగులు. తిరుమల ఎక్కిన కాళ్ళకు అదొక లెక్కా! కానీ ఆ 300 అడుగుల మీద పేరుకున్న చరిత్ర మాత్రం తక్కువది కాదు.

ముందు పేరు సంగతి. పరంగి అంటే ఫరంగి, అంటే ఫ్రాంకు, మన భాషలో తెల్లదొర. పోర్చుగీసు వాళ్ళు వచ్చి కూర్చున్న కొండ కాబట్టి పరంగిమలై. మన తెలుగులోకి ఇదే మాట ఇంకో దారిన వచ్చి ఫిరంగి అయింది. దొరలు తెచ్చిన గొట్టానికి దొరల పేరే పెట్టాం. గుంటూరు జిల్లా ఫిరంగిపురం పేరులో ఉన్నదీ ఈ మాటే. తమిళులు మాత్రం గుమ్మడికాయను పరంగికాయ్ అంటారు. ఒకే మాట మన దగ్గర తుపాకీ మందు కూరితే, వాళ్ళ దగ్గర పులుసులో ఉడికింది. ఇంకో వాదమూ ఉంది. ఇక్కడ భృంగి మహర్షి తపస్సు చేశాడని, భృంగిమలై కాలక్రమంలో పరంగిమలై అయిందని కొండ కింద నందీశ్వరుడి గుడి వాళ్ళు చెబుతారు. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది, అయితే రెండో కథ చెప్పేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఒక కొండకు ఇద్దరు ముగ్గురు వారసులు ఉండటం మన దేశంలో వింతా ఏమన్నానా?

అసలు కథ ఏసుక్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమాది. ఆయన క్రీ.శ. 52లో మలబారు తీరంలో దిగాడని, అక్కడి నుంచి మైలాపూరు వచ్చాడని, 72లో ఈ కొండ మీద ప్రార్థన చేసుకుంటుండగా వెనక నుంచి బల్లెంతో పొడిచి చంపారని నమ్మకం. దేహాన్ని మైలాపూరులో సమాధి చేశారు. అదే ఇప్పటి శాంథోమ్ చర్చి.

ఇక్కడే జాగ్రత్తగా నడవాలి. కిందటి నెల మన గ్రూపులో ఈ కొండకు ఒక ఆదివారం వెళదామని ఎవరో అనగానే రెండు రకాల మెసేజీలు వచ్చాయి. ఇదంతా 2000 ఏళ్ళ నాటి రుజువైన చరిత్ర అని ఒక పక్షం. మొత్తం పోర్చుగీసు వాళ్ళు అల్లిన కట్టుకథ, మనకెందుకు అని ఇంకో పక్షం. రెండు వైపులా ఫార్వర్డులు వర్షంలా కురిశాయి. ఆ వేడిలో నేను ఏమీ రాయలేదు. ఈ పోస్టు అందుకే.

తోమా మరణం గురించి మనకు దొరికే పాత కథలు ఒక్కలాగా లేవు. సిరియాక్ భాషలో మూడో శతాబ్దంలో పుట్టిన ‘తోమా కార్యములు’ అనే గ్రంథంలో మజ్దయ్ అనే రాజు ఆయన్ను ఊరి బయట కొండ మీదికి పంపించి నలుగురు సైనికుల చేత పొడిపించాడని ఉంది. ఆ కొండ ఏ ఊరిదో అందులో లేదు. అదే గ్రంథంలో గుండఫర్ అనే ఇంకో రాజు వస్తాడు. ఆయనా కల్పితమే అనుకున్నారు చాలాకాలం. 19వ శతాబ్దంలో వాయవ్య భారతంలో గొండోఫారిస్ అనే రాజు నాణేలు బయటపడ్డాయి. రాజు నిజమే అని తేలింది, కాకపోతే ఆయన ఏలింది తక్షశిల వైపు, మైలాపూరు వైపు కాదు. ఇక 13వ శతాబ్దం చివర్లో ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో చెప్పిన కథ వేరు. అడవిలో నెమళ్ళ మధ్య ప్రార్థన చేసుకుంటున్న తోమాకు, నెమలిని గురిపెట్టిన వేటగాడి బాణం పొరపాటున తగిలిందట. చంపింది శత్రువూ కాదు, రాజాజ్ఞా కాదు. అక్కడి ఎర్రమట్టిని యాత్రికులు తీసుకెళ్ళి జ్వరం వచ్చినవాళ్ళకు నీళ్ళలో కలిపి తాగిస్తారని కూడా మార్కో పోలో రాశాడు. మన ఊళ్ళలో పుట్టమన్ను సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. తురకలు కూడా ఈ చోటును పూజ్యంగా చూస్తారన్నాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత పోర్చుగీసు వాడైన దువార్తె బార్బోసా చూసేసరికి మైలాపూరు చర్చి పాడుబడి ఉంది, అందులో ఒక ముస్లిం ఫకీరు దీపం వెలిగిస్తూ దానికోసం బిచ్చమెత్తుతున్నాడు.

అంటే కథ పోర్చుగీసు వాళ్ళతో మొదలవలేదు, వాళ్ళు రాకముందే వందల ఏళ్ళుగా ఉంది. కథ ఉన్నంత మాత్రాన 72లో జరిగిందని రుజువయినట్టూ కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఒప్పుకోవడానికి మనకు కష్టమెందుకో నాకు అర్థం కాదు.

పోర్చుగీసు వాళ్ళు 1523లో కొండ మీద చర్చి కట్టారు. నిండు చూలాలిగా ఉన్న మరియమ్మ పేరున కట్టిన గుడి అది. నిరీక్షణ మాత అంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు, కడుపు పండాలని కోరుకునేవాళ్ళు ఇప్పటికీ ఆమె దగ్గరికే ఎక్కువగా వస్తారు. 1547లో పునాదులు తవ్వుతుంటే ఒక రాతిపలక దొరికింది. నల్లటి రాయి మీద చెక్కిన సిలువ, పైన దిగివస్తున్న పావురం, కింద విచ్చుకున్న ఆకులు, చుట్టూ మకరతోరణంలాంటి కమాను. కమాను వెంబడి ఎవరికీ అంతుబట్టని లిపి. కొండ కింద ఉత్తరం వైపు కమాను ద్వారం మీద సిలువ పక్కన 1547 అనే అంకె ఇప్పటికీ ఉంది.

ఆ లిపి ఏమిటో తెలుసుకోవాలని పోర్చుగీసు వాళ్ళు 1561లో నరసింగ రాజ్యం నుంచి, కాంచీపురం నుంచి అంటారు, ఒక బ్రాహ్మణ పండితుణ్ణి పిలిపించారు. నరసింగ రాజ్యం అంటే మన విజయనగరమే. సాళువ నరసింహరాయల పేరు మీద విదేశీయులు ఆ రాజ్యాన్ని అలా పిలిచేవారు. ఆ పండితుడు రాయిని చూసి తోమా జీవితకథంతా చదివి వినిపించాడు. దొరలు మురిసిపోయి రాసుకుని యూరపుకు పంపారు. నిజానికి అది పహ్లవి, అంటే పాత పారశీకం. ఆ సంగతి 19వ శతాబ్దంలో గానీ తేలలేదు. 1873లో బర్నెల్ అనే ఐసీఎస్ అధికారి దీని మీద రాశాడు. తర్వాత ఒక్కొక్క పండితుడు ఒక్కొక్క రకంగా చదివాడు. 1920ల్లో వించ్‌వర్త్ చేసిన పఠనం ప్రకారం అందులో ఉన్నది ఒక చిన్న విన్నపం. చహర్‌బుఖ్త్ కొడుకు అఫ్రాస్ మీద దయ చూపమని క్రీస్తును వేడుకోవడం. అంతే. అందులో తోమా పేరే లేదు.

ఆ పండితుణ్ణి తప్పు పట్టాలని నాకు లేదు. పిలిచినవాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో గ్రహించి అదే చెప్పిన మొదటివాడూ కాదు, చివరివాడూ కాదు. నాకు మాత్రం ఆయన చెప్పిన పెద్ద కథ కంటే ఆ చిన్న విన్నపమే విలువైనదిగా తోస్తుంది. ఇలాంటి సిలువలే కేరళలో కొట్టాయం వలియపళ్ళిలోనూ, ఇంకొన్ని పాత చర్చిల్లోనూ ఉన్నాయి. లిపిని బట్టి వీటిని ఆరు నుంచి తొమ్మిదో శతాబ్దం మధ్యవిగా అంచనా వేస్తారు. అంటే పోర్చుగీసు ఓడలు పుట్టకముందే, సుమారు పల్లవుల కాలంలో, పారశీక క్రైస్తవులు ఈ తీరం మీద ఉన్నారు, బహుశా వర్తకులు. వాళ్ళ భాష ఇక్కడ ఎవరికీ రాదు. అయినా ఆ భాషలోనే చెక్కించుకున్నారు. వాళ్ళు పోయారు, చదివేవాళ్ళూ పోయారు, రాయి మట్టిలో కలిసింది. గ్రూపులో పోట్లాడుకున్న రెండు పక్షాలకూ ఈ రాయి సాయం చేయదు. తోమా వచ్చాడని చెప్పదు, అంతా పోర్చుగీసు కల్పన అనీ అననివ్వదు.

ఆ సిలువ 1558 డిసెంబరు 18న, మాత పండగ రోజున, పూజ జరుగుతుండగా నెత్తురు చెమర్చిందని రాసుకున్నారు. అప్పటి నుంచి చాలాసార్లు అలా జరిగిందనీ, 1704తో ఆగిపోయిందనీ అంటారు. అందుకే దానికి నెత్తుటి సిలువ అని పేరు. ఇప్పుడది పీఠం వెనక గోడలో ఉంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నేను గమనించేది తేదీని. ఆ మరుసటి ఏడే, 1559లో, అళియ రామరాయలు మైలాపూరు మీదికి సైన్యంతో వచ్చాడు. ఫ్రాన్సిస్కన్లూ జెసూట్లూ గుళ్ళు పడగొడుతున్నారని ఆయనకు ఫిర్యాదులు వెళ్ళాయి. శాంథోమ్ పెద్దమనుషులను పట్టుకుని లక్ష వరహాలు అడిగాడు. ఊరిని తగలబెట్టలేదు, చర్చిని కూల్చలేదు, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఇక్కడి పోర్చుగీసు వాళ్ళు గోవాలోలాగా ప్రభువులు కాదు, విజయనగరం నీడన బతికిన వర్తకులు. ఆ భయం వాళ్ళ ప్రార్థనల్లోకి రాకుండా ఉంటుందా అనిపిస్తుంది నాకు.

తర్వాతి రెండు వందల ఏళ్ళూ ఈ కొండ చుట్టూ సైన్యాలే. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించాడు. సరిగ్గా వారం ముందు, డిసెంబరు 7న, మన గోదావరి జిల్లా చందుర్తి దగ్గర విజయనగరం రాజు ఆనంద గజపతి సాయంతో ఇంగ్లీషు వాళ్ళు ఫ్రెంచి వాళ్ళను ఓడించారు. ఉత్తర సర్కారులు చేజారాయి. ఇక్కడ 1759 ఫిబ్రవరిలో ఈ కొండ కింద పెద్ద పోరాటమే జరిగింది. ఇంగ్లీషు వాళ్ళ పక్షాన కయ్యో, యూసుఫ్ ఖాన్ నిలబడ్డారు. కొద్దిరోజులకే లాలీ ముట్టడి ఎత్తేశాడు. పదేళ్ళ తర్వాత 1769లో హైదర్ అలీ గుర్రాలు మద్రాసు పొలిమేరకు వచ్చి నిలబడితే కంపెనీ వణికి సంధి చేసుకుంది. ఆ అనుభవాలతో కొండ కింద దండు పెట్టారు, మద్రాసు ఆర్టిలరీకి ఇదే కేంద్రమైంది. పరంగి కొండ కింద ఫిరంగులు! పల్లావరంతో కలిపి ఇక్కడ కంటోన్మెంటు బోర్డు ఇప్పటికీ నడుస్తోంది.

1802 ఏప్రిల్‌లో విలియం ల్యాంబ్టన్ అనే సైనికాధికారి ఈ కొండ దిగువన మైదానంలో ఉక్కు గొలుసు పరిచి దక్షిణంగా పెరుంబాకం గుట్ట వైపు ఏడున్నర మైళ్ళ గీత కొలిచాడు. ఆ గీతే భారతదేశ మహా త్రికోణమితి సర్వేకు తొలి ఆధారం. ఆ గొలుసు చైనా చక్రవర్తికి కానుకగా వెళ్ళి, ఆయన వద్దంటే తిరిగొచ్చిన సరుకు. ఇక్కడ మొదలైన కొలత బెంగళూరు మీదుగా, మన గుత్తి మీదుగా ఉత్తరానికి సాగి చివరికి ఎవరెస్టు ఎత్తు దాకా వెళ్ళింది. ల్యాంబ్టన్ మాత్రం 1823లో వార్ధా దగ్గర హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. మహారాష్ట్ర తెలుగు మిత్రులకు ఆ ఊరు తెలిసే ఉంటుంది. కొండ మీద ఆయన ప్రతిమ ఉంది. యాత్రికులు ఎవరో సాధువనుకుని దండం పెట్టి పోతుంటారు.

ఇప్పుడు మెట్ల దగ్గరికి వద్దాం. నేను ఇంత రాసింది నిజానికి ఈ మెట్ల కోసమే.

కొండ ఎక్కే రాతి మెట్లు, 160 అని పుస్తకాల్లో ఉంటుంది, పోర్చుగీసు వాళ్ళు కట్టినవి కావు, ఇంగ్లీషు వాళ్ళు కట్టినవీ కావు. 1726లో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు కట్టించాడు. ఆర్మేనియన్లను 1600ల మొదట్లో పర్షియా షా అబ్బాస్ వాళ్ళ ఊరు జుల్ఫా నుంచి పెకలించి ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. అక్కడ కొత్త జుల్ఫా కట్టుకున్నారు. అక్కడి నుంచి వర్తకం మీద మనీలా దాకా పాకారు. ఉస్కాన్ కొత్త జుల్ఫాలో పుట్టి, మనీలా వర్తకంలో గడించి, 1720ల్లో మద్రాసులో స్థిరపడ్డాడు. కొండకు వెళ్ళే భక్తులు సైదాపేట దగ్గర అడయారు నది దాటలేక, వానాకాలంలో ప్రాణాల మీదికి తెచ్చుకోవడం చూసి నది మీద వంతెన కూడా కట్టించాడు. దానికి 30,000 వరహాలు అయ్యాయని చెబుతారు. మాంబళం పేరు దొరల నోట్లో నలిగి అది మార్మలాంగ్ వంతెన అయింది. ఆ వంతెన ఉండబట్టే కోట నుంచి కొండకు దారి పడింది, ఆ దారే మౌంట్ రోడ్డు అయింది. వంతెన, మెట్లు పాడవకుండా చూసుకోవడానికి విడిగా సొమ్ము కూడా కేటాయించాడు. కట్టించి ఫలకం పెట్టించుకున్న దాతలు మనకూ చాలామంది ఉన్నారు. తర్వాత మరమ్మతుకు డబ్బు ఉంచినవాళ్ళు ఎందరు? సంఘం భవనం సున్నం పెచ్చులు చూసినప్పుడల్లా నాకు ఉస్కాన్ గుర్తొస్తాడు.

1746లో ఫ్రెంచి వాళ్ళు మద్రాసు పట్టుకున్నప్పుడు తమవైపు రమ్మని డూప్లే ఆశపెట్టాడు. ఉస్కాన్ ఒప్పుకోలేదు. ఆస్తి జప్తు అయింది, తరంగంబాడి వెళ్ళి తలదాచుకున్నాడు. మద్రాసు తిరిగి ఇంగ్లీషు చేతికి వచ్చాక మళ్ళీ ఇక్కడికే చేరి 1751లో చనిపోయాడు. దేహం వేపేరిలో పూడ్చారు. గుండెను మాత్రం ఆయన కోరిక మేరకు ఒక పెట్టెలో పెట్టి జుల్ఫాకు పంపారు. సంపాదించింది, ఖర్చుపెట్టింది, చచ్చింది ఇక్కడ. గుండె అక్కడ. ముప్ఫై ఏళ్ళు టీ నగర్‌లో ఉండి, అస్థికలు గోదావరిలోనే కలపమని చెప్పిపోయిన మన పెద్దవాళ్ళను ఎరిగినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ ఊళ్ళో ఆర్మేనియన్లు ఏనాడూ పెద్ద సంఖ్యలో లేరు. అయినా ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మేనియా భాషా పత్రిక ‘అజ్‌దరార్’ 1794లో అచ్చయింది మద్రాసులోనే. సొంతగడ్డ మీద కాదు! మన ‘ఆంధ్రపత్రిక’ 1908లో బొంబాయిలో పుట్టిందని గుర్తు చేసుకుంటే ఇందులో ఆశ్చర్యం తగ్గుతుంది. ఊరు దాటినవాడికే భాష బెంగ ఎక్కువ. ఇప్పుడు ఆర్మేనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఉంది, గంటలు ఉన్నాయి, కొలిచే ఆర్మేనియన్లు లేరు.

“చర్చికి మన తెలుగు సంఘం వెళ్ళడమేమిటి” అని అడిగిన పెద్దాయనకు నేను గౌరవంగానే చెబుతున్నాను. మన సభ్యుల్లో నెల్లూరు, గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళు మనతో ఉగాదికి రావడం లేదా? బెజవాడ గుణదల కొండకు 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు మేరీమాత విగ్రహం తెచ్చి గుహలో పెడితే, ఇవాళ ఫిబ్రవరి తిరునాళ్ళలో కొబ్బరికాయలు కొట్టేవాళ్ళూ తలనీలాలు ఇచ్చేవాళ్ళూ అందరూ క్రైస్తవులేనా? కొండ మీదికి ఎక్కడం, ఎక్కి దిగువన ఊరిని చూసుకోవడం మనకు కొత్తగా ఎవరూ నేర్పింది కాదు. వెళ్ళమని బలవంతం లేదు. వెళితే మాత్రం తోమా వచ్చాడా రాలేదా అన్న తగువు కింద వదిలి ఎక్కమంటాను.

వెళ్ళేవాళ్ళకు కొన్ని వివరాలు. డిసెంబరు 18 పండగ, ఆ ముందు రోజుల్లో జనం ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వెనకవైపు కారు రోడ్డు ఉంది. చేవ ఉన్నవాళ్ళు ఉస్కాన్ మెట్ల మీదుగానే రండి. పైన తోమాను తలచుకునేలా చేసే లూకా చిత్రపటం అని చెప్పే మరియమ్మ బొమ్మను, గోడలో సిలువను చూడండి. సిలువ కమాను వెంట ఉన్న అక్షరాలను ఒకసారి కుడి నుంచి ఎడమకు చూడండి, పహ్లవి అలాగే రాస్తారు. దిగాక సైదాపేట. పాత మార్మలాంగ్ వంతెన 1960ల్లో పోయి దాని స్థానంలో మరైమలై అడిగళ్ వంతెన వచ్చింది. ఉస్కాన్ పెట్టించిన శిలాఫలకం మాత్రం చాలా ఏళ్ళు రోడ్డు పక్కన బస్సుల దుమ్ము తింటూ నిలబడింది. మూడు భాషలు దాని మీద: లాటిన్, పారశీకం, ఆర్మేనియన్. ఆ మూడింటిలో ఒక్కటీ చదవగలిగేవాళ్ళు ఆ బస్టాపులో ఎవరూ ఉండరు.